జిగురు పిట్టలు, ఉచ్చు పిట్టలు

మళ్ళీ మార్చారు.

మొన్న నా పాత శిష్యుడొకడు పక్షుల మీద కొత్తగా వచ్చిన పుస్తకమొకటి తెచ్చిచ్చాడు. రిటైరై ఎన్నేళ్ళయినా నాకీ పిట్టల పిచ్చి వదల్లేదని వాడికి తెలుసు. వాడి చేతిలో కాఫీ చల్లారకముందే నేను థ్రష్‌లనే పాటపిట్టల పేజీ తీశాను. అందులో మా నల్లంచి పిట్ట లేదు. పెద్ద నల్లంచి లేదు. కంప నల్లంచీ లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మూడూ థ్రష్‌ల కుటుంబంలోనే ఉండేవి. కాలేజీ మ్యూజియంలో వాటి కాళ్ళకు ఆ కుటుంబం పేరుతో చీటీలు కట్టింది నేనే. వెతగ్గా వెతగ్గా, చాలా పేజీల అవతల, ఫ్లైకేచర్ల కుటుంబంలో దొరికాయి. ఫ్లైకేచర్లంటే కొమ్మ మీద కాపు కాసి, ఎగిరే పురుగుల్ని పట్టుకు తినే పిట్టలు. కణాల్లో వారసత్వాన్ని మోసే పదార్థాన్ని పరీక్షించి, నల్లంచులు వీటి బంధువులే తప్ప థ్రష్‌ల బంధువులు కావని తేల్చారట. తేల్చి కూడా చాలా ఏళ్ళే అయిందట. నాకే ఆలస్యంగా తెలిసింది.

"ఏవండీ మేష్టారూ, ఒంట్లో బాగానే ఉందాండీ?" అన్నాడు శిష్యుడు. అప్పటికి నేను లేచి వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాను.

ఒంట్లో బాగానే ఉంది. బాగాలేనిది వేరే. ఈ మాట నాకు యాభయ్యో దశకంలోనే ఒకాయన చెప్పాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. ఆయన చెప్పింది నిజం కావచ్చని తెలిసి కూడా, నోరు విప్పాల్సిన చోట నేను విప్పలేదు. ఆయన ఉద్యోగం పోయింది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

నాకు చిన్నప్పట్నించీ నిలకడ లేదు. కూర్చుంటే లేవాలి, లేస్తే బయల్దేరాలి. "కాలుగాలిన పిల్లి" అనేది మా అమ్మ. తాడేపల్లిగూడెంలో మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. నేను ఆ దారి పట్టకుండా జంతుశాస్త్రం చదివి, ఏలూరులో ఓ కాలేజీలో డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. రోజూ పొద్దున్నే పాసింజరెక్కేవాణ్ణి. పూళ్ళ, భీమడోలు, దెందులూరు దాటి ఏలూరు చేరేసరికి రెండుసార్లన్నా సీటు మారేవాణ్ణి, నాలుగుసార్లన్నా గుమ్మం దాకా వెళ్ళొచ్చేవాణ్ణి. సాయంత్రం మళ్ళీ అదే బండి. ఏ పని చేస్తున్నా సగం మనసు ఆ బండి మీదే. ఆ రోజుల్లో అందరూ అలాగే ఉన్నారేమో కూడా. రాష్ట్రం విడిపోయింది, ఇంకోదానితో కలుస్తుందంటున్నారు, ఏ ఆఫీసు ఏ ఊరికి పోతుందో ఎవరికీ తెలీదు. రైల్లో పేకాడేవాళ్ళు సైతం ముక్కలు పక్కన పెట్టి అదే మాట్లాడుకునేవాళ్ళు.

మా కాలేజీకి జువాలజీ డిగ్రీ క్లాసు కొత్తగా ఇచ్చారు, అదీ తాత్కాలికంగా. యూనివర్సిటీ నుంచి ఇన్‌స్పెక్షన్‌కు వస్తారు, మ్యూజియం చూస్తారు, బాగుందంటే క్లాసు ఖాయం. క్లాసు ఖాయమైతే రెండు ఉద్యోగాలు ఖాయం. ఒకటి నాది. రెండోది మ్యూజియం అటెండరుది. ఆ అటెండర్ని కాలేజీలో అందరూ పిట్టలాయన అనేవారు.

ఆయనది మండవల్లి దగ్గర కొల్లేటి గట్టునున్న పల్లె. తాతల నాటినించీ చేపలూ పిట్టలూ పట్టి బతికిన కుటుంబం. మొదట మా కాలేజీకి తాటిదోనెలో కొల్లేరు దాటి, బుట్టలో పిట్టలు పెట్టుకుని అమ్మడానికి వచ్చేవాడు. ఒకసారి మా ఎదుటే ఓ పిట్టను ఒలిచి, మందు రాసి, దూది కూరి కుట్టాడు. కుట్టు ఎక్కడుందో నేను ఈకలు తిరగేసి వెతికినా దొరకలేదు. మా డిపార్ట్‌మెంటు హెడ్ గారు అది చూసి, ఆయన్ని అటెండరుగా తీసుకున్నారు.

ఆయనకు ఆ ఉద్యోగం ఎంత అవసరమో మా అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళు నడుంలోతు నీళ్ళలో నిలబడ్డ మనిషి. కుడిపాదం మీద ఎంతకీ మానని పుండు. ఇక నీళ్ళలో దిగితే ఆ కాలు తీసెయ్యాల్సొస్తుందని ఆసుపత్రిలో చెప్పారట. పల్లెలో నీళ్ళలో దిగకుండా చేసే పని ఒక్కటీ లేదు. "ఇది పొడినేల మీద ఉజ్జోగం అండి," అనేవాడు, పాదానికి గుడ్డ మార్చుకుంటూ. "ఇది నిలబడితే నా కాలు నిలబడుద్దండి." ఆ మాట అనేటప్పుడు నవ్వేవాడు కూడా. ఆయన నన్ను మీరనేవాడు, నేను ఆయన్ని నువ్వనేవాణ్ణి. నాకు ఇరవై మూడు, ఆయనకు నలభై అయిదు. అప్పటి పద్ధతి అదని ఇప్పుడనుకోవడం తేలికే.

మ్యూజియమంటే పెద్దగా ఊహించుకోకండి. ఓ పొడుగాటి గది, మూడు అల్మారాలు, అల్మారాలకు సొరుగులు. ఒక్కో సొరుగు ఒక్కో కుటుంబం. సొరుగు ముందున్న ఇత్తడి చట్రంలో కుటుంబం పేరు ఇంగ్లీషులో రాసి నేను పెట్టేవాణ్ణి, పిట్టల్ని లోపల వరసగా ఆయన పడుకోబెట్టేవాడు. ఓ మధ్యాహ్నం థ్రష్‌ల సొరుగు సర్దుతున్నాం. పోలవరం అడివి నుంచి ఆయనే పట్టి తెచ్చిన నారింజరంగు తల థ్రష్‌లు రెండు అందులో ఉన్నాయి. వాటి పక్కన నల్లంచులు మూడు రకాలూ పెట్టమన్నాను. ఆయన పెట్టలేదు. చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇయ్యి ఒక్కింటియ్యి కాదండి," అన్నాడు.

"పుస్తకంలో ఒక్కిల్లే."

"పుస్తకం సంగతి నాకు తెలవదండి. పట్టినోణ్ణి కదండీ. ఈ నల్లంచుందే, ఇది ఎత్తు మీద కూకుని కిందకి చూత్తా ఉంటదండి. పురుగు కనపడితే దిగుద్ది, పట్టుద్ది, మళ్ళీ ఆ కొమ్మకే పోద్దండి. దీనికి ఆ కొమ్మకి జిగురు రాయాలండి. ఈ నారింజ తలదుందే, దీనికి కొమ్మతో పనిలేదండి. నేలమీదే నడుత్తా, ఆకులు తిరగేత్తా, కింద ఏవుందో ఎతుక్కుంటదండి. దీనికి జిగురెడితే జన్మలో పడదండి. ఉచ్చేయాలండి."

"అయితే?"

"జిగురు పిట్టలు వేరండి, ఉచ్చు పిట్టలు వేరండి. నల్లంచులు ఆ ఈగలు పట్టే పిట్టల ఇంటియ్యండి. అయ్యీ జిగురుకే పడతాయండి."

నాకు చిరాకు పుట్టింది. పిట్టల్ని పట్టే తీరును బట్టి శాస్త్రం నడుస్తుందా? చదువుకున్నవాణ్ణి కదా, ఓపిగ్గా చెప్పాను. థ్రష్‌ల ఇంటికి ఓ గుర్తుంది, వాటి పిల్లలకు రొమ్మున చుక్కలుంటాయి, నల్లంచి పిల్లలకూ ఉంటాయి, అందుకని ఒక్కిల్లు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఆ ఈగలు పట్టే నీలిపిట్ట పిల్లక్కూడా చుక్కలుంటాయండి," అన్నాడు. "గూట్లో చూశానండి. అడివిలో."

జవాబు లేనప్పుడు మనిషికి కోపం వస్తుంది, నాకు మరీ వస్తుంది. అదృష్టవశాత్తూ ఆయనే మాట జారాడు. "ఏట్రింత కూడా జిగురుకే పడుద్దండి," అన్నాడు. చీలిన తోకతో నల్లగా ఉండే ఏట్రింత కూడా కొమ్మ మీద కాపు కాసి పురుగుల్ని పట్టేదే, కానీ దాని వంశమే వేరు. అప్పుడూ వేరే, ఈ కొత్త పుస్తకంలోనూ వేరే. "చూశావా, అక్కడే దొరికిపోయావు. చెప్పింది చెయ్యి," అని సంచి భుజాన వేసుకున్నాను. బండి టైమైంది. ఆయన నల్లంచుల్ని థ్రష్‌ల పక్కన పెట్టాడు, కానీ మధ్యలో నాలుగు వేళ్ళ సందు వదిలాడు.

ఆ తరవాత కొద్ది వారాలకే హెడ్ గారికి విదేశంలో ఉన్న స్నేహితుడొకాయన దగ్గర్నుంచి ఓ వ్యాసం వచ్చింది. పిట్టల కుటుంబాల గురించే. "మీరు చదివి నాకు సారాంశం చెప్పండి," అని నా చేతికిచ్చారు. రైల్లో కూర్చోబుద్ధి కాక గుమ్మం దగ్గర నిలబడి చదివాను. థ్రష్‌లకు వేరే కుటుంబం అక్కర్లేదంటారు అందులో. థ్రష్‌లూ, ఫ్లైకేచర్లూ, ఇంకా ఎన్నో చిన్న పాటపిట్టలూ అన్నీ ఒకటే పెద్ద కుటుంబమట. మధ్యలో గీత ఎక్కడ గీసినా అటువైపువి ఇటూ, ఇటువైపువి అటూ వస్తున్నాయట. ఒక కారణం చదివేసరికి నా చెవులు వేడెక్కాయి. చుక్కల పిల్లలు థ్రష్‌లకే కాదు, ఫ్లైకేచర్లకూ ఉన్నాయని రాశారు.

ఇంటికి వచ్చి, బావి దగ్గర నీళ్ళు పోసుకుని లోపలికి వెళ్ళాను. చచ్చిన పిట్టల్ని ముట్టుకునే ఉద్యోగం కాబట్టి స్నానం కాకుండా మా అమ్మ గడప దాటనిచ్చేది కాదు. భోజనాల దగ్గర నాన్నగారు ఆ కాగితాల సంగతి అడిగారు.

"థ్రష్‌ల కుటుంబం తీసేస్తున్నారండీ. ఇంకోదాంట్లో కలిపేస్తున్నారు."

నాన్నగారికి కుటుంబమంటే గోత్రమే. "గోత్రం మారాలంటే పెళ్ళన్నా కావాలి, దత్తతన్నా వెళ్ళాలి," అన్నారు. "వీటికి ఏది జరిగిందిరా?"

"ఏదీ జరగలేదు. మొదట రాసినవాళ్ళు సరిగ్గా రాయలేదంటున్నారు."

"అయితే మారింది వాటి గోత్రం కాదు, మీ కాగితం," అని ఆయన మజ్జిగ పోసుకున్నారు.

మర్నాడు హెడ్ గారికి సారాంశం చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నారు. "ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా దీని ఊసెత్తకండి. వచ్చేది పెద్దాయన. ఆయన చదువుకున్న పుస్తకం ప్రకారమే మన సొరుగులుండాలి," అన్నారు. సరేనన్నాను. కాగితం నా సంచిలోనే ఉండిపోయింది.

పిట్టలాయనకు మాత్రం చెప్పవచ్చు కదా. గదిలో ఇద్దరమే ఉండేవాళ్ళం. "నువ్వన్న చుక్కల సంగతి నిజమేనయ్యా, పెద్దపెద్దవాళ్ళు రాశారు," అంటే చాలు, ఆయన మొహం వెలిగిపోయేది. నాకది ఇష్టం లేకపోయింది. ఇంతకన్నా మర్యాదగా దీన్ని చెప్పే దారి ఈ వయసులో కూడా నాకు దొరకలేదు.

ఇన్‌స్పెక్షన్‌కు ముందు రోజు సొరుగులన్నీ ఖాళీ చేయించాను. దుమ్ము దులిపి, పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసి, పిట్టల్ని మళ్ళీ పెట్టాలి. మామూలుగా అయితే నేను దగ్గరుండి ఒక్కొక్కటీ చదివి అందించాలి. సాయంత్రమైంది, సగం కూడా కాలేదు, బండి వచ్చే వేళ దగ్గరపడింది. తరవాత బండికి వెళితే ఏం కొంప మునుగుతుంది? ఏమీ మునగదు. కానీ నా కాళ్ళు అప్పటికే గుమ్మం దాటాయి.

"ఎక్కడియ్యి అక్కడ పెట్టెయ్యి," అన్నాను.

"అలాగేనండి," అన్నాడు.

భీమడోలు స్టేషన్లో బండి ఆగినప్పుడు తట్టింది. పిట్టల కాళ్ళకున్న చీటీలు ఇంగ్లీషువి. సొరుగుల మీద పేర్లు ఇంగ్లీషువి. ఆయనకు తెలుగు చదవడమే రాదు. ఎక్కడివక్కడ అంటే ఆయనకు ఎక్కడ? ఎదురు బండి ఎక్కి వెనక్కి పోదామని లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. పొద్దున్నే వెళ్ళి చూసుకోవచ్చులే అనుకుని తిరిగొచ్చి కూర్చున్నాను. జన్మలో ఒక్కసారి కుదురుగా కూర్చున్నాను, అదీ కూర్చోకూడని చోట.

పొద్దున్న దెందులూరు ఇవతల సిగ్నలు పడక బండి ఆగిపోయింది. దిగి కంకర మీద నడిచాను, మళ్ళీ ఎక్కాను, మళ్ళీ దిగాను. గార్డుని మూడుసార్లు అడిగాను. చివరికి కాలేజీ చేరేసరికి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్దాయన మ్యూజియంలోనే ఉన్నారు. హెడ్ గారు పక్కన, ప్రిన్సిపాలు గారు వెనక. పిట్టలాయన ఉతికిన పంచె కట్టుకుని, పాదానికి తెల్లటి గుడ్డ చుట్టుకుని, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, అన్నీ అయిపోయాయి అన్నట్టు తలాడించాడు.

పెద్దాయన బాతుల సొరుగు చూశారు, కొంగల సొరుగు చూశారు. చాలా బాగున్నాయన్నారు. ఒలిచి కుట్టిన తీరు మెచ్చుకున్నారు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. అప్పుడు థ్రష్‌ల సొరుగు లాగారు. అందులో ఆ నారింజ తలవి రెండే ఉన్నాయి. మిగతా సొరుగంతా ఖాళీ. ఆయన దాని కింది సొరుగు లాగారు. ఫ్లైకేచర్ల మధ్య మూడు రకాల నల్లంచులు తలలన్నీ ఒకవైపుకి పెట్టుకుని వరసగా పడుకున్నాయి. వరస చివర ఏట్రింత.

జిగురు పిట్టలన్నీ ఒక సొరుగు, ఉచ్చు పిట్టలు ఒక సొరుగు. ఎక్కడివక్కడే పెట్టాడు పాపం.

"ఏవండీ, ఈ సొరుగులు సర్దిందెవరండీ?" అన్నారు పెద్దాయన. మెత్తగానే అన్నారు. నా వంకే చూస్తున్నారు.

నాకు రెండు జవాబులున్నాయి. దగ్గరుండి సర్దించాల్సింది నేను, బండికి పరిగెత్తాను, తప్పు నాదండీ అనొచ్చు. లేదా సంచిలోంచి ఆ వ్యాసం తీసి, ఈ రెండూ ఒకే కుటుంబమని ఇప్పుడంటున్నారండీ, ఈ సర్దుబాటును కూడా తప్పనడానికి లేదండీ అనొచ్చు. ఏది చెప్పినా నాకు పోయేదేమిటి, మహా అయితే ఓ చీవాటు. హెడ్ గారు నా వైపు చూసి కళ్ళతోనే వద్దన్నారు. తప్పు హెడ్ గారి మీదకి నెడదామని చాలాసార్లు ప్రయత్నించాను ఇన్నేళ్ళలో. తాడిచెట్టెందుకెక్కావంటే దూడ గడ్డికోసమన్నట్టే ఉంటుంది అది.

"అటెండరు సర్దాడండీ," అన్నాను. "చదువు రానివాడండీ. చెప్పినా వినడండీ."

చెప్పినా వినడు. ఆ మాట ఎవరూ అడగలేదు. నేనే కలిపాను.

పెద్దాయన ఏట్రింతను చేతిలోకి తీసుకున్నారు. "దీన్ని కూడా ఇక్కడ కూర్చోబెట్టాడే," అని చిన్నగా నవ్వారు. హెడ్ గారు నవ్వారు, ప్రిన్సిపాలు గారు నవ్వారు. నేనూ నవ్వాను. పిట్టలాయన భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.

క్లాసు ఖాయమైంది. నా ఉద్యోగమూ ఖాయమైంది. రిపోర్టులో మ్యూజియం గురించి ఒక ముక్క ఉంది, చదువు వచ్చినవాణ్ణి అటెండరుగా పెట్టుకోవాలని. హెడ్ గారు ఆయన్ని పిలిచి ఆ సంగతి చెప్పారు. ఆయన వచ్చి అల్మారాల తాళంచెవి నా బల్ల మీద పెట్టాడు.

"ఆ సొరుగులు మళ్ళీ సర్దెళ్ళమంటారాండీ? మీరు చదివితే నేను పెడతానండి," అన్నాడు.

"అక్కర్లేదు," అన్నాను. తల ఎత్తలేదు. పాదం ఈడ్చుకుంటూ ఆయన వరండా చివరిదాకా వెళ్ళడం మాత్రం వినబడింది.

నల్లంచుల్ని నేనే తీసి థ్రష్‌ల సొరుగులో పెట్టాను. ఆ రోజు నుంచి నాకు స్థిమితం లేదు. అంతకుముందు ఉన్నదీ కాదు, కానీ ఇది వేరు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు మ్యూజియం మాటెత్తినా నేను హడావిడిగా ఏదో సంజాయిషీ చెప్పేవాణ్ణి. వాళ్ళు వింతగా చూసేవారు. ఇంట్లోనూ అంతే. మా ఇంటికి ఎదురుగా రైస్‌మిల్లు. ఆ వేసవి అంతా దాని రేకుల కప్పు అంచున ఓ పెద్ద నల్లంచి తెల్లవారుతూనే వచ్చి కూర్చుని పాడేది. పాట ఎంత బాగుంటుందో చెప్పలేను, కానీ నాకు వినబుద్ధి కాలేదు. పాడుతూ పాడుతూ మధ్యలో కిందికి దిగేది, ఊక కుప్ప దగ్గర పురుగుని పట్టేది, మళ్ళీ ఎగిరి అదే అంచు మీద వాలేది. పళ్ళు తోముకుంటూ నేను చూసేవాణ్ణి. ఒక్కసారైనా వేరేచోట వాలుతుందేమోనని చూసేవాణ్ణి. వాలేది కాదు.

"ఏవిట్రా ఆ తిరుగుడు? చూసేవాళ్ళకే కాళ్ళు నొప్పెడుతున్నాయి," అన్నారు నాన్నగారు ఒకనాడు. మళ్ళీ ఆయనే, "నువ్వు వెళ్ళాల్సిన చోటేదో ఉంది. వెళ్ళిరా, పో," అన్నారు. ఏం తెలిసి అన్నారో నేనడగలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. సంచిలో ఓ చొక్కా, దాని కింద ఆ వ్యాసం. బస్సులో భీమవరం, అక్కణ్ణుంచి రైలు. ఆకివీడులో చేపల బుట్టలు ఎక్కిస్తూ బండిని ఎంతసేపు ఆపారో. ప్లాట్‌ఫారం మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. "తప్పు నాది. కాగితం నా సంచిలోనే ఉంది. నువ్వన్నది తప్పని నేను అనకుండా ఉండాల్సింది." కూర్చిన కొద్దీ మాటలు విడిపోయేవి. హెడ్ గారితో మాట్లాడి, ఆయన్ని ఇంకేదో పనిలో పెట్టించాలని కూడా అనుకున్నాను. ముందు నిజం చెప్పాలి. అది చెబితే మిగతాది అడగడానికి నాకు నోరొస్తుంది.

మండవల్లిలో దిగి గట్టు వెంట నడిచాను. పల్లెలో ఓ ముసలావిడను అడిగితే, నీళ్ళవైపు చెయ్యి చూపించింది.

ఆయన నడుంలోతు నీళ్ళలో ఉన్నాడు. చేపలు లోపలికి వచ్చి బయటికి పోలేకుండా వెదురు పుల్లలతో అల్లే బుట్టను అక్కడ మావు అంటారు. ఆ మావును తూటికాడల మధ్య ఆనిస్తున్నాడు. నన్ను చూసి గబగబా గట్టుకి వచ్చాడు. పాదానికి చుట్టిన గుడ్డ నీళ్ళలో నాని నల్లబడి ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాను.

"మీరేంటండి ఇంత దూరం వచ్చారు," అన్నాడు. "కబురెడితే నేనే వచ్చేవోణ్ణి కదండీ." గట్టు మీది గడ్డి మీద తువ్వాలు పరిచాడు నన్ను కూర్చోమని. నేను కూర్చోలేదు.

"మీ ఉజ్జోగం కాయమైందాండీ?"

"అయింది."

"అమ్మయ్య," అన్నాడు. "అదొక్కటే దిగులుగా ఉందండి నాకు. నా మూలాన మీకు మాటొచ్చింది కదండీ. మీరు ఎక్కడియ్యక్కడ పెట్టమన్నారు. నేనేమో చీటీలు చదూకోలేక, నా చేతికి తెలిసినట్టు పెట్టేశానండి. మీరు పాపం ఆ పెద్దాయనతో చెప్పారు, చదువు రానోడండీ అని. నన్ను ఎనకేసుకొచ్చారండి మీరు."

నేను దానికే వచ్చాను. నోరు తెరిచాను. ఇంత దూరం కూర్చుకుంటూ వచ్చిన మాటలున్నాయి కదా, వాటిలో మొదటిది పైకొస్తే చాలు.

"మీ కాలెలా ఉంది?" అన్నాను. ఆయన్ని మీరనడం అదే మొదలు. అంతకుమించి రాలేదు.

"ఉందండి," అన్నాడు. పాదాన్ని గడ్డిలోకి జరుపుకుని, "ఆ నల్లంచుల్ని ఆకర్న ఏ ఇంట్లో పెట్టారండీ?" అన్నాడు.

"థ్రష్‌లతోనే."

ఆయన తల అడ్డంగా ఆడించాడు. నాతో వాదించడానికి కాదు, తనలో తాను. "పుస్తకం ఎప్పుడూ మారదాండీ?"

"మారుతుంది. అప్పుడప్పుడు."

"ఎప్పుడన్నా మారితే ఓ కార్డు ముక్క రాయండి. ఎవరిచేతన్నా చదివించుకుంటాను."

"అలాగే," అన్నాను.

ఆయన తువ్వాలు దులిపి తలకు చుట్టుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. ముందు ఎడమకాలు పెట్టాడు, తరవాత కుడికాలు. పుస్తకం అప్పటికే మారింది. ఆ కాగితం నా సంచిలోనే ఉంది. ఆయనకు చూపిద్దామనే తెచ్చాను.